రై, బర్బన్ విస్కీల తగవు - జిహ్వ సాక్ష్యము

‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ అని మన పెద్దలు అంటారు. ఒకరికి చేదు కాకరకాయ ప్రీతి, మరొకరికి దాని వాసన గిట్టదు. ఇందులో వాదించుకోవలసినది ఏమీ లేదు. కాని ‘ఈ రెండు పదార్థాలూ వేరు వేరు, పేరు చెప్పకుండా ఇచ్చినా రుచి చూచి పోల్చుకోగలను’ అని ఎవరైనా అన్నారనుకోండి. ఇది అభిరుచికి సంబంధించిన మాట కాదు. ఇది ఒక ప్రతిపాదన. నిజమైనా కావచ్చు, అబద్ధమైనా కావచ్చు. కాబట్టి పరీక్షింపదగినది. ఈ రెండు మాటలకు గల భేదాన్ని గుర్తించి, రెండవదానిని పరీక్షించే మార్గం కనిపెట్టడానికి విజ్ఞాన శాస్త్రానికి చాలాకాలం పట్టింది. ఆ చరిత్రలో విశ్వవిద్యాలయాలతోపాటు బీరు కర్మాగారాలకూ, విస్కీ బట్టీలకూ పాత్ర ఉండడం ఒక విశేషం.

అమెరికాలో విస్కీని రుచి చూచేవారి ఇండ్లలో తరచుగా వినవచ్చే తగవు ఒకటి ఉన్నది. బల్లమీద రెండు సీసాలు: ఒకటి రై విస్కీ, మరొకటి బర్బన్. రై ఘాటుగా, మిరియాల వలె, లవంగం వలె ఉంటుందనీ, బర్బన్ తియ్యగా, వనిలా పరిమళంతో ఉంటుందనీ వారు చెప్పుకుంటారు. అది నిజమేనా? నిజమైతే ఆ తేడా ధాన్యానిదా, పీపాదా, సీసామీది చీటీదా? మద్యపానాన్ని ప్రోత్సహించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒక చిన్న ఇంటి తగవును నిజాయితీగా తీర్చవలెనంటే ఎంత విజ్ఞానం కావలసివచ్చిందో చూపడమే దీని ఉద్దేశం.

రెండు ధాన్యాలు

రై అన్నది గోధుమకు దగ్గరి బంధువైన ధాన్యం. హిందీలో ఆవాలను ‘రాయీ’ అంటారు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. చలికి తట్టుకొని, సారం తక్కువైన నేలలో కూడా పండే పంట ఇది. ఐరోపానుంచి వలస వచ్చిన రైతులు దీనిని పెన్సిల్వేనియా, మేరీలాండ్ ప్రాంతాలలో పండించి, మిగిలిన ధాన్యాన్ని బట్టీ పట్టి విస్కీ చేసేవారు. కొండలు దాటి బస్తాలు మోయించడం కన్న పీపాలు మోయించడం సులభం. అందువల్ల 1791లో అమెరికా ప్రభుత్వం విస్కీపై పన్ను విధించినప్పుడు పశ్చిమ పెన్సిల్వేనియా రైతులు మండిపడ్డారు. 1794లో వారి తిరుగుబాటును అణచడానికి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ స్వయంగా సేనతో బయలుదేరవలసి వచ్చింది.

ఆ వాషింగ్టనే పదవినుంచి దిగిన 1797లో, జేమ్స్ ఆండర్సన్ అనే స్కాట్లండు దేశస్థుడైన తన వ్యవసాయ నిర్వాహకుని సలహాపై, మౌంట్ వెర్నన్‌లో బట్టీ పెట్టించాడు. 1799లో అక్కడ సుమారు 11,000 గాలన్ల విస్కీ తయారయింది. ధాన్యం పాళ్లు కూడా లెక్కలలో మిగిలి ఉన్నాయి: రై 60 పాళ్లు, మొక్కజొన్న 35, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ 5. అంటే ఇది రై విస్కీయే. కాని దానిని ఏండ్ల తరబడి పీపాలలో నిలవ చేయలేదు. నీటివలె స్వచ్ఛంగా, రంగు లేకుండా అమ్ముడుపోయేది.

కొండలకు పడమరనున్న కెంటకీ నేలలో మొక్కజొన్న విరివిగా పండింది. అక్కడ మొక్కజొన్న ప్రధానంగా తయారైన విస్కీయే కాలక్రమాన బర్బన్ అనిపించుకున్నది. నేటి అమెరికా నిబంధనల ప్రకారం, ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉంటే బర్బన్. కనీసం 51 శాతం రై ఉంటే రై విస్కీ. మిగిలిన షరతులు రెండింటికీ ఒకటే. ఆవిరి పట్టి దించిన ద్రవంలో ఆల్కహాలు 80 శాతానికి మించరాదు. పీపాలో పోసేటప్పుడు 62.5 శాతానికి మించరాదు. ఆ పీపా కొత్తదై, ఓక్ కర్రతో చేసినదై, లోపలివైపు మంటతో కాల్చి బొగ్గు పట్టించినదై ఉండవలె. సీసాలో నింపేటప్పుడు ఆల్కహాలు 40 శాతానికి తగ్గరాదు. 1964లో అమెరికా కాంగ్రెసు బర్బన్‌ను తమ దేశానికే ప్రత్యేకమైన వస్తువుగా తీర్మానించింది.

ఇక్కడ విద్యార్థులు ఒక సంగతి గమనించవలె. 51 శాతం అన్నది ఒక గీత మాత్రమే. ఒక బర్బన్‌లో రై 35 శాతం దాకా ఉండవచ్చు. ఒక రై విస్కీలో 51 శాతమే రై ఉండి, మిగిలినదానిలో చాలాభాగం మొక్కజొన్న కావచ్చు. మరొక రై విస్కీలో 95 శాతం రై ఉండవచ్చు. పేరు ఒకటే అయినంత మాత్రాన పదార్థం ఒకటే కాదు. పేర్లు వేరైనంత మాత్రాన పదార్థాలు ఎంతో దూరమైనవీ కావు.

బట్టీలోకి వచ్చిన ఉష్ణమాపకం

మొదట్లో బట్టీపని అంతా చేతివాటం, అనుభవం. 1820ల దశకంలో కెంటకీ చేరిన జేమ్స్ క్రో అనే స్కాట్లండు వైద్య విద్యావంతుడు అందులోకి కొలతలను తెచ్చాడు. ఉష్ణమాపకం, చక్కెర శాతాన్ని కొలిచే పరికరం, పులుపును తెలిపే లిట్మస్ - ఇవి ఆయన పనిముట్లు. ఒకసారి బట్టీ పట్టిన తరువాత మిగిలే పుల్లని ద్రవాన్ని కొంత తీసి తరువాతి విడత ధాన్యపు జావలో కలిపే పద్ధతిని ఆయన క్రమబద్ధం చేశాడు. దీనిని మనం పాలలో పెరుగు తోడు వేయడంతో పోల్చరాదు. తోడులో సజీవమైన సూక్ష్మజీవులుంటాయి. బట్టీ వేడిలో ఈస్టు చచ్చిపోతుంది కాబట్టి ఇక్కడ పనిచేసేది ఆ ద్రవంలోని పులుపు. పులుపు పెరిగితే అక్కరలేని బాక్టీరియా అణగి ఉంటుంది. ఈస్టు తన పని తాను చేసుకుంటుంది. ఫలితంగా ఒక విడతకూ మరొక విడతకూ తేడా తగ్గుతుంది. క్రో 1856లో మరణించాడు. విడత విడతకూ మారే సరుకును పోల్చి చూడడమంటే కదిలే గుర్రానికి కొలత తీయడమే. కాబట్టి నిలకడగల సరుకు తయారు చేసిన క్రో, తనకు తెలియకుండానే, రుచి పరీక్షకు మొదటి మెట్టు వేశాడు.

కల్తీ, చట్టము

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో వినియోగదారునికి ఎదురైన ప్రశ్న ‘రైయా, బర్బనా?’ అన్నది కాదు. ‘ఇది అసలు విస్కీయేనా?’ అన్నది. కొందరు వ్యాపారులు రుచీ పచీ లేని శుద్ధ ఆల్కహాలుకు మాడ్చిన చక్కెర రంగు, పండ్ల రసాలు, ఇతర సువాసన ద్రవ్యాలు కలిపి, పాత విస్కీ అని అమ్మేవారు. తాగేవాని నాలుక దీనిని పట్టగలదా? చాలాసార్లు పట్టలేకపోయింది. పట్టగలిగినా న్యాయస్థానంలో ఆ నాలుక సాక్ష్యానికి బలం లేదు.

దీనికి జవాబుగా 1897లో ఒక చట్టం వచ్చింది. ఒకే బట్టీలో, ఒకే రుతువులో తయారై, ప్రభుత్వ పర్యవేక్షణలోని గిడ్డంగిలో కనీసం 4 సంవత్సరాలు నిలవ ఉండి, సరిగా 50 శాతం ఆల్కహాలుతో సీసాలో నింపిన విస్కీకి ప్రభుత్వ ముద్ర లభించేది. 1906లో శుద్ధాహార, ఔషధ చట్టం వచ్చింది. వ్యవసాయ శాఖ ప్రధాన రసాయనజ్ఞుడు హార్వే వైలీ దానికోసం ఏండ్ల తరబడి పోరాడినవాడు. ఆ తరువాత కూడా ‘విస్కీ అంటే ఏమిటి?’ అన్న తగవు తెగలేదు. చివరకు 1909 డిసెంబరులో అధ్యక్షుడు టాఫ్ట్ విచారించి తీర్పు చెప్పవలసి వచ్చింది. ధాన్యంనుంచి తీసిన మద్యాలన్నిటికీ విస్కీ అన్న పేరు చెల్లవచ్చుగాని, అది నేరుగా తయారైనదో, శుద్ధ ఆల్కహాలు కలిపినదో చీటీమీద స్పష్టంగా చెప్పితీరవలెనన్నాడు. ఒక దేశాధ్యక్షుడు సీసా చీటీమీది మాటలను గురించి తీర్పు రాయడం వింతగా తోచవచ్చు. కాని కొన్నవానికి తాను కొన్నదేమిటో తెలియాలన్న ధర్మసూత్రం పాలకైనా, నూనెకైనా, మందుబిళ్ళకైనా ఒకటే.

పీపా చెప్పిన రహస్యము

ఈ తగవులు సాగుతుండగానే ఒక శ్రద్ధగల పరిశోధన జరిగింది. క్రాంప్టన్, టోల్మన్ అనే రసాయనజ్ఞులు వేరువేరు బట్టీలకు చెందిన 31 పీపాల విస్కీని 8 సంవత్సరాలపాటు పరిశీలిస్తూ, ఏటేటా నమూనాలు తీసి విశ్లేషించారు. ఫలితాలు 1908లో అమెరికా రసాయన సంఘపు పత్రికలో వెలువడ్డాయి.

అమెరికా విస్కీకి సహజమని అందరూ అనుకునే పరిమళం దాదాపు పూర్తిగా బొగ్గు పట్టించిన పీపానుంచే వస్తున్నదని వారు తేల్చారు. నేటి రసాయన శాస్త్రం దీనికి కారణం వివరంగా చెప్పగలదు. కర్రలో లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఉన్నది. మంట తగిలినప్పుడు అది విచ్ఛిన్నమై వనిలిన్ ఏర్పడుతుంది. వనిలా కాయకు పరిమళమిచ్చేదీ ఈ వనిలినే. లవంగానికి వాసననిచ్చే యూజినాల్ సైతం ఓక్ కర్రలో కొద్దిగా ఉన్నది. కొబ్బరిని తలపించే లాక్టోనులు కూడా ఓక్‌నుంచే వస్తాయి. అంటే ‘బర్బన్‌లో వనిలా, రైలో లవంగం’ అని మనం పంచిపెట్టిన పరిమళాలు రెండూ ఒకే పీపా చెక్కలో దాగి ఉన్నాయి!

వారి రెండవ నిర్ణయం ఇంకా విలువైనది. విశ్లేషణలో రై విస్కీలలో ఆమ్లాలు, ఎస్టరులు, కరిగిన ఘనపదార్థాలు బర్బన్‌లలో కన్న ఎక్కువగా కనిపించాయి. తొందరపాటు మనిషి అయితే ‘చూశారా, ధాన్యం తేడా!’ అని ఉండేవాడు. వారు అలా అనలేదు. ఆ రోజుల్లో రై విస్కీని దాదాపు ఎల్లచోట్లా వేడిచేసిన గిడ్డంగులలో నిలవ చేసేవారు. బర్బన్‌ను వేడిచేయని గిడ్డంగులలో ఉంచేవారు. వేడివల్ల కర్రలోని పదార్థాలు వేగంగా ద్రవంలోకి దిగుతాయి. కాబట్టి ఆ తేడా ధాన్యానిది కాదు, గిడ్డంగిదని వారు వివరించారు.

ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన ఉదాహరణ ఇది. రెండు వస్తువుల మధ్య ఒకటికి మించి తేడాలున్నప్పుడు, వచ్చిన ఫలితాన్ని వాటిలో మనకు నచ్చినదానికి అంటగట్టడం సులభం. ఎరువు వేసిన మడికే నీరుకూడా ఎక్కువ పెట్టి, పంట పెరిగితే ఎరువును మెచ్చుకోవడం వంటిదే అది.

1920నుంచి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధం అమలులో ఉన్నది. ఆ తరువాత బర్బన్ కోలుకున్నదిగాని, రై చాలాకాలం కోలుకోలేదు. పెన్సిల్వేనియా, మేరీలాండ్‌లలోని పాత బట్టీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 21వ శతాబ్దిలో దానికి మళ్ళీ ఆదరణ వచ్చింది. దానితోపాటే ‘రై, బర్బన్ - ఏది ఏదో చెప్పగలరా?’ అన్న ఇంటి తగవూ తిరిగి వచ్చింది.

పేకముక్కలు, టీ కప్పులు

ఇక జిహ్వ సంగతికి వద్దాం. ఇంద్రియాల తీర్పును కొలవడానికి మొదట పూనుకున్నవారిలో జర్మనీకి చెందిన ఫెక్నర్ ప్రముఖుడు. ఆయన గ్రంథం 1860లో వెలువడింది. రెండు బరువుల మధ్య తేడా ఒక హద్దుకు లోపల ఉంటే మనిషికి అసలు తెలియనే తెలియదని ఆయన భావన. అమెరికాలో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ పర్స్, ఆయన శిష్యుడు జోసెఫ్ జాస్ట్రో 1884లో దీనిని పరీక్షించారు. ఏ బరువు ముందు పెట్టవలెనో వారు తమ ఇష్టం వచ్చినట్లు నిర్ణయించలేదు. పేకముక్కలు కలిపి, వచ్చిన ముక్కనుబట్టి పెట్టారు. ‘తెలియదు’ అని చెప్పడానికి వీలులేకుండా, ఏదో ఒకటి చెప్పి తీరవలెనన్నారు. ఫలితం ఆశ్చర్యకరం. ‘నాకు బొత్తిగా తెలియడం లేదు, ఊరికే చెబుతున్నాను’ అన్నప్పుడు కూడా వారి జవాబులు సగానికి మించి సరిపోయాయి. అంటే మనిషి ధీమాకూ, అతని ఇంద్రియ శక్తికీ ఉన్న సంబంధం మనమనుకున్నంత సూటి కాదు. తెలుసుననుకున్నవాడికి తెలియకపోవచ్చు, తెలియదనుకున్నవాడికి కొంత తెలిసి ఉండవచ్చు.

ఆ తరువాతి గొప్ప అడుగు ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పడింది. కప్పులో ముందు పాలు పోశారో, ముందు టీ పోశారో రుచి చూచి చెప్పగలనని అక్కడ పనిచేసే ఒక మహిళా శాస్త్రజ్ఞురాలు అన్నది. ఆమె నాచుమొక్కలను పరిశోధించే మ్యూరియల్ బ్రిస్టల్. అక్కడి గణాంక శాస్త్రజ్ఞుడు రోనాల్డ్ ఫిషర్ ఈ చిన్న విషయాన్ని పట్టుకొని, 1935లో వెలువడిన తన గ్రంథంలో ప్రయోగ రచనకు ఆదర్శంగా నిలిపాడు. 8 కప్పులు: నాలుగింట ముందు పాలు, నాలుగింట ముందు టీ. చీట్లు వేసినట్లుగా వరుస కలిపివేయవలె. ఆమె ఒక రకానికి చెందిన నాలుగు కప్పులను ఏరవలె. 8 కప్పులలో నాలుగింటిని 70 విధాలుగా ఏరవచ్చు. కాబట్టి ఏమీ తెలియనివాడు అదృష్టవశాన అన్నీ సరిగా చెప్పే అవకాశం 70లో 1. ఒక్క కప్పు తప్పు ఏరే విధాలు 16 ఉన్నాయి. కాబట్టి నాలుగింట మూడో, నాలుగో సరిగా ఏరే అవకాశం 70లో 17, అంటే దాదాపు నాలుగో వంతు. అందువల్ల మూడు సరిగా చెప్పినంత మాత్రాన గొప్ప ఏమీ లేదు.

ఈ ఫిషర్ వద్దనే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందిన కల్యంపూడి రాధాకృష్ణారావు మన తెలుగువారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం చదివినవారు. లోకప్రఖ్యాత గణాంక శాస్త్రజ్ఞుడైన ఆయన 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానం పొంది, ఆ ఏడే 102వ ఏట కన్నుమూశారు.

మూడు గ్లాసుల పరీక్ష

1940ల దశకంలో డెన్మార్కులోని కార్ల్స్‌బెర్గ్ బీరు కర్మాగారంలోనూ, అమెరికాలోని సీగ్రామ్ విస్కీ సంస్థలోనూ ఒక సరళమైన పద్ధతి రూపొందింది. దానిని త్రికోణ పరీక్ష అంటారు. మూడు గ్లాసులు ఇస్తారు. రెండింటిలో ఒకే పదార్థం, మూడవదానిలో వేరొకటి. వేరైనది ఏదో చెప్పవలె. ఏమీ తెలియనివాడు గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది.

ఇందులోని అందం ఏమిటంటే, రుచి చూచేవానికి ‘ఘాటు’, ‘వనిలా’ వంటి మాటలేవీ రానక్కరలేదు. నచ్చిందో లేదో చెప్పనక్కరలేదు. వేరు అని గుర్తిస్తే చాలు. విస్కీ సంస్థకు కావలసినదీ అంతే: ఈ నెల సరుకు, పోయిన నెల సరుకు ఒకేలా ఉన్నాయా? తేడా పట్టలేకపోతే అదే వారికి విజయం.

దీనిని ఇంటి తగవుకు ఎలా అన్వయించవచ్చునో చూద్దాం. రెండు పదార్థాలను ‘క’, ‘గ’ అనుకుందాం. మూడు గ్లాసులను ఆరు వరుసలలో పెట్టవచ్చు: కకగ, కగక, గకక, కగగ, గకగ, గగక. ఆరు ముఖాల పాచిక ఒకటి ఉంటే చాలు. పడిన పందెమే వరుసను నిర్ణయిస్తుంది. ఒకరు వేరే గదిలో పాచిక వేసి, పోసి, రాసిపెట్టుకోవలె. రుచి చూచేవారికి ఆ వరుస తెలియరాదు. వీలైతే గ్లాసులు అందించే మూడో మనిషికీ తెలియరాదు. తెలిసినవాని ముఖమే జవాబు చెప్పేస్తుంది కదా!

ఇలా 6 మార్లు చేశారనుకోండి. గుడ్డిగా చెప్పేవానికి మొత్తం 3 ను 6 మార్లు హెచ్చించగా వచ్చే 729 సమాన అవకాశాలున్నాయి. అందులో ఆరూ సరిపోయేది 1. సరిగా అయిదు సరిపోయేవి 12. నాలుగు సరిపోయేవి 60. కాబట్టి అయిదుగాని అంతకు మించిగాని అదృష్టవశాన సరిపోవడానికి అవకాశం 729లో 13, అనగా నూటికి రెండుకన్న తక్కువ. నాలుగుగాని అంతకు మించిగాని అయితే 729లో 73. అనగా నూటికి పది. ఆరింట నాలుగు సరిగా చెప్పి మీసం మెలివేసేవారిని ఇంకొకసారి పరీక్షించవలసిందే.

న్యాయమైన పోలిక

పాచిక వేసినంత మాత్రాన పని కాలేదు. క్రాంప్టన్, టోల్మన్‌లు నేర్పిన పాఠం ఇక్కడ మళ్ళీ అవసరం. 40 శాతం ఆల్కహాలున్న బర్బన్‌ను, 50 శాతమున్న రైతో పోల్చి, రై ఘాటుగా ఉన్నదంటే, ఆ ఘాటు రైది కాదు, ఆల్కహాలుది. వయస్సు, తయారు చేసిన బట్టీ, పీపా - ఇవన్నీ వీలైనంతవరకు సమానం కావలె. 1897నాటి చట్టం ఇక్కడ మనకు అనుకోని మేలు చేస్తున్నది. ఆ ముద్ర గల సీసాలలో రైకైనా, బర్బన్‌కైనా ఆల్కహాలు 50 శాతమే. వయస్సు కనీసం 4 సంవత్సరాలే. రెండూ ఒకే బట్టీవి అయితే పోలిక మరింత న్యాయం. కల్తీని అరికట్టడానికి చేసిన చట్టం పరిశీలకునికి తయారుగా ఉన్న ప్రయోగ నియంత్రణ అయింది.

రంగును కూడా దాచవలె. 2001లో ఫ్రాన్సులోని బోర్డో విశ్వవిద్యాలయ పరిశోధకులు తెల్ల ద్రాక్షసారాయికి వాసన లేని ఎర్రరంగు కలిపి, సారాయి శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు ఇచ్చారు. వారు దానిని ఎర్ర సారాయిని వర్ణించే మాటలతోనే వర్ణించారు. కళ్ళు చూచినదానినే ముక్కు వాసన చూచిందన్నమాట.

మనం రుచి అనుకునేదానిలో చాలాభాగం వాసనే. ఆల్కహాలు ఎక్కువైతే ముక్కు మొద్దుబారుతుంది. అందుకే వృత్తి నిపుణులు విస్కీని నీటితో సుమారు 20 శాతానికి పలుచన చేసి వాసన చూస్తారు. 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటరు గణనల ద్వారా దీనికి మరొక కారణం చూపారు. పొగవాసననిచ్చే గ్వాయకాల్ అణువులు ఆల్కహాలు 45 శాతంలోపు ఉన్నప్పుడు ద్రవం ఉపరితలానికి చేరి ఉంటాయి. 59 శాతం మించితే ఆల్కహాలు అణువులు చుట్టుముట్టి వాటిని లోపలికి దింపుతాయి.

ఒక ఇబ్బంది మాత్రం తప్పదు. ఆరు పరీక్షలకు 18 గుక్కలు! కొలవబోయే వస్తువే కొలిచే పరికరాన్ని పాడుచేస్తుంది. నిపుణులు అందుకే మింగకుండా ఉమ్మివేస్తారు. పూటకు ఒకటి రెండు పరీక్షలతో ఆపుతారు. పైగా అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్యపానాన్ని కేన్సరు కలిగించే మొదటి తరగతి కారణాలలో చేర్చింది. కాబట్టి ఈ పరీక్ష చిన్నవారికి ఎంతమాత్రమూ తగదు. విద్యార్థులు రెండు రకాల బెల్లపు నీళ్ళతోనో, టీతోనో చేసి ఇదే పాఠం నేర్చుకోవచ్చు.

తీర్పు ఏమిటి?

2016లోనూ, 2019లోనూ జేకబ్ లాన్, ఆయన సహచరులు అమెరికా ఆహార విజ్ఞాన పత్రికలో ఇదే తగవుపై రెండు పరిశోధనలు ప్రకటించారు. మొదటిదానిలో సామాన్య వినియోగదారులకు బర్బన్‌లూ, రై విస్కీలూ పేర్లు చెప్పకుండా ఇచ్చి, పోలికనుబట్టి గుంపులు చేయమన్నారు. వారు ధాన్యాన్నిబట్టి గుంపులు చేయలేదు. ఆల్కహాలు శాతం, వయస్సు, తయారుచేసిన సంస్థ - వీటినిబట్టే ఎక్కువగా వేరుచేశారు. రెండవదానిలో రుచులను వర్ణించే పద్ధతిలో పరీక్షించినా, చట్టం వేరు చేసిన ఈ రెండు తరగతులూ విడివడలేదు.

దీని అర్థం జాగ్రత్తగా గ్రహించవలె. ఏ రై విస్కీనీ ఏ బర్బన్‌నుంచీ ఎవరూ గుర్తించలేరని కాదు. 95 శాతం రై ఉన్నదానిని, రై చాలా తక్కువగా ఉన్న బర్బన్‌నుంచి ఒకరు ఆరింట ఆరుసార్లు వేరుచేసి చూపవచ్చు. కాని అప్పుడు వారు నిరూపించినది ఆ రెండు సీసాల తేడాను. రెండు తరగతుల తేడాను కాదు. ఇద్దరు మనుషులు వేరుగా ఉన్నంత మాత్రాన వారి ఊళ్ళ వారంతా వేరువేరు స్వభావాలవారు కానట్లే. ఈ తీర్పు 1908 నాటి రసాయనజ్ఞుల మాటకు దగ్గరగా రావడం గమనింపదగినది. ధాన్యం మాట్లాడుతుంది, కాని పీపా, వయస్సు, ఆల్కహాలు దానికన్న బిగ్గరగా మాట్లాడతాయి.

నా అనుభవం ఒకటి చెప్పి ముగిస్తాను. ఖరీదైన టీపొడికీ, చవక టీపొడికీ తేడా కళ్ళు మూసుకొని చెప్పగలనని మా అధ్యాపకుల గదిలో చాలాకాలం ధీమాగా అంటూ వచ్చాను. నా విద్యార్థులే ఒకనాడు పాచిక తెచ్చి త్రికోణ పరీక్ష పెట్టారు. ప్రతి కప్పునూ రుచి చూచి ఎంతో నమ్మకంతో జవాబు చెప్పాను. ఆరింట రెండే సరిపోయాయి. గుడ్డిగా చెప్పినా సగటున అంతే సరిపోతాయి! పిల్లలు నవ్వారు. నేనూ నవ్వానుగాని, ఆ రాత్రి నాకు వేరొక ఆలోచన వచ్చింది. టీ సంగతి పోనీ. తరగతిలో ‘ఈ పిల్లవాడు చురుకైనవాడు, ఆ పిల్లవాడు మందమతి’ అని ఎంత నమ్మకంతో అంటున్నామో, ఆ జవాబు పత్రాలను పేర్లు దాచి దిద్దితే ఆ నమ్మకం నిలుస్తుందా? మరుసటి పరీక్షనుంచి నేను పేర్లున్న మొదటి పుట మడిచి, కుట్టించి, దిద్దడం మొదలుపెట్టాను. మార్కులు కొన్ని మారాయి.

రెండు సీసాల తగవు చిన్నదే. కాని దానిని తీర్చడానికి పుట్టిన పద్ధతి చిన్నది కాదు. పేరు దాచడం, వరుసను పాచికకు వదలడం, ఒక్క తేడా తప్ప మిగిలినవన్నీ సమానం చేయడం, ముందుగానే లెక్క వేసుకొని ‘ఇన్ని సరిపోతేనే ఒప్పుకుంటాను’ అని మాట ఇవ్వడం - ఈ నాలుగూ తెలిసినవాడు ఇతరుల చేత మోసపోవడం తక్కువ. తనను తాను మోసగించుకోవడం ఇంకా తక్కువ. ఒక పాచిక, మూడు గ్లాసులు, కాస్త బెల్లం ఉంటే ఏ ఉన్నత పాఠశాలలోనైనా ఈ పాఠం ఒక్క గంటలో చెప్పవచ్చు.